214 కోట్ల దగ్గర ఆగిపోయే లిస్టులు

ఒక లైబ్రరీలో లిస్టు పొడవును 32-బిట్ ఇంటీజర్‌లో (32 బిట్ల పూర్ణాంకంలో) పెట్టారు, దాన్ని 64 బిట్లకు మార్చమని ఎవరైనా అడిగారనుకోండి. వచ్చే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఒక్క లిస్టులో రెండు వందల కోట్ల ఐటమ్స్ ఎవరు పెడతారండీ?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. నిజంగానే చాలామంది పెట్టరు. నేను రాసే ప్రోగ్రాముల్లో కూడా ఎక్కువ లిస్టులు వెయ్యి ఐటమ్స్ దాటవు. అయినా సరే, వెక్టర్, లిస్టు, స్ట్రింగ్, హ్యాష్ టేబుల్ లాంటి డేటా కంటైనర్లు ఆ యంత్రం ఎంత మెమరీని చూడగలదో అంతవరకూ లెక్కపెట్టగలగాలని నా గట్టి అభిప్రాయం. "ఎవరికి అవసరం" అనే ప్రశ్నతో మొదలుపెడితే ఈ చర్చ పక్కదారి పడుతుందని కూడా అనుకుంటున్నాను. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఆ అంకె సంగతి. మైనస్ సంఖ్యలకూ చోటుండే సైన్డ్ 32-బిట్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. మైనస్ లేని అన్‌సైన్డ్ అయితే 4,29,49,67,295. యంత్రాలే 32-బిట్‌గా ఉన్న రోజుల్లో ఈ హద్దు ఎవరికీ తగిలేది కాదు. ఒక ప్రోగ్రాముకు కనిపించే మొత్తం మెమరీయే 4 గిగాబైట్లు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ తన వాటా తీసుకోగా మిగిలేది రెండో మూడో. లిస్టు నిండేలోపే మెమరీ అయిపోయేది. అందుకే 1996లో జావా భాష మొదటి వెర్షన్ అరే (వరుస) ఇండెక్స్‌ను, అంటే ఎన్నో ఐటమ్ అని చెప్పే అంకెను, 32-బిట్ ఇంట్‌గా (ఇంటీజర్‌గా) పెట్టడాన్ని నేను తప్పుపట్టను. ఆ రోజుకు అది సరైన నిర్ణయమే.

2003 ఏప్రిల్‌లో ఏఎండీ ఆప్టెరాన్ అనే 64-బిట్ ప్రాసెసర్ వచ్చింది. అక్కడినుంచి కొన్నేళ్లలోనే మామూలు సర్వర్లు, ఆ తర్వాత ఇంట్లో వాడే కంప్యూటర్లు 64 బిట్లకు మారిపోయాయి. పాయింటర్, అంటే మెమరీ అడ్రసు దాచే అంకె, 8 బైట్లు అయింది. సీ భాషలో ఇంట్ మాత్రం 4 బైట్లుగానే ఉండిపోయింది. 64-బిట్ విండోస్‌లోనైతే లాంగ్ అనే ఇంకో ఇంటీజర్ టైప్ కూడా 4 బైట్లే. దాంతో మెమరీ అడ్రసు ఒక వెడల్పులో, ఆ మెమరీలో ఎన్నో ఐటమ్ అని చెప్పే అంకె ఇంకో వెడల్పులో నడవడం మొదలైంది. నేను మాట్లాడుతున్న సమస్యలన్నీ ఈ తేడాలోంచి వచ్చినవే.

పెద్ద మెమరీ అనగానే వేల సర్వర్లున్న కంపెనీలు గుర్తొస్తాయి. కానీ ఈ హద్దు తగలడానికి అంత దూరం పోనక్కర్లేదు. మనిషి జీనోమ్ (డీఎన్‌ఏ మొత్తం) తీసుకోండి. అందులో సుమారు 310 కోట్ల అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక బైట్ చొప్పున మెమరీలోకి చదివితే 3.1 గిగాబైట్లు. ఇవాళ మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా అంత చోటు ఉంటుంది. అయినా జావాలో దాన్ని ఒక బైట్ అరేలో పెట్టలేం. మెమరీ ఉంది, డేటా ఉంది, చేయాల్సిన పని కూడా సులువైనదే. అడ్డం వస్తున్నది ఇండెక్స్ వెడల్పు ఒక్కటే. గోధుమ జీనోమ్ మనిషి దానికంటే నాలుగైదు రెట్లు పెద్దది కాబట్టి అక్కడ అన్‌సైన్డ్ కూడా చాలదు.

గుణకారం ఉన్నచోట హద్దు ఇంకా త్వరగా వచ్చేస్తుంది. నిలువూ అడ్డమూ 46,341 పిక్సెళ్లున్న చదరపు చిత్రం తీసుకుంటే చాలు, పిక్సెళ్ల సంఖ్య 214 కోట్ల హద్దు దాటుతుంది. ఉపగ్రహ చిత్రాలు, సూక్ష్మదర్శిని కింద పెట్టిన గాజు పలకల స్కాన్లు ఈ కొలతను మామూలుగానే దాటతాయి. ఇంకో ఉదాహరణ: కొన్ని బిందువుల మధ్య ప్రతి జంటకూ దూరం లెక్కకట్టి ఒకే వరుసలో దాచుకోవాలి. 65,536 బిందువులైతే జంటలు 2,14,74,50,880. సరిగ్గా పట్టాయి. ఇంకొక్క బిందువు కలపండి, జంటలు 2,14,75,16,416 అవుతాయి, హద్దు దాటిపోతుంది. ఒక్కో దూరానికి 8 బైట్ల చొప్పున అప్పుడు కావలసిన మెమరీ సుమారు 17 గిగాబైట్లు. 65 వేల వరుసలున్న పట్టికను చూసి దీన్ని పెద్ద డేటా అని ఎవరూ అనరు. ఆ పని చేసే మనిషి కూడా తనది పెద్ద మెమరీ వ్యవహారమని అనుకోడు, ఆ జాగ్రత్తలేవీ తీసుకోడు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము ఇవాళ కొత్త వరుసలు రెండు చేరగానే పడిపోతుంది.

పడిపోతే అదృష్టమే అనాలి. నాకు ఎదురైన ఒక సందర్భం చెబుతాను. చిన్న చిన్న స్కాన్ ముక్కల్ని అతికించి ఒకే పెద్ద నలుపు తెలుపు చిత్రంగా మార్చే పని. వెడల్పు సుమారు 70,000, ఎత్తు 65,000, పిక్సెల్‌కు ఒక బైట్. మేం వాడిన ఇమేజ్ లైబ్రరీ మెమరీని సరిగ్గానే, 64-బిట్ లెక్కతో, నాలుగున్నర గిగాబైట్లకు పైగా తీసుకుంది. వరుసా నిలువూ చెబితే పిక్సెల్ ఎక్కడుందో చెప్పే చిన్న ఫంక్షన్ మాత్రం లోపల అన్‌సైన్డ్ 32 బిట్లలో గుణకారం చేసింది. ఎర్రర్ రాలేదు. క్రాష్ అవలేదు. ఫైల్ తయారైంది, సైజు కూడా సరిగ్గా ఉంది. తెరిచి చూస్తే చిత్రం అడుగున 3,600 వరుసలకు పైగా నల్లగా ఉన్నాయి. అక్కడ ఉండాల్సిన భాగం పైకి వెళ్లి, పక్కకు జరిగి, మొదటి వరుసల మీద పరుచుకుని ఉంది. 429 కోట్లు దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైందన్నమాట.

ఇది చిత్రం కాబట్టి కంటికి కనిపించింది. అదే కొలతల పట్టిక అయితే? మొదటి కొన్ని వేల వరుసల్లో చివరి వరుసల అంకెలు వచ్చి కూర్చుంటే, సగటు తీసినా, గ్రాఫు గీసినా ఎవరికీ అనుమానం రాదు. ఆ లైబ్రరీ "ఇంతకంటే పెద్ద చిత్రాలు నా వల్ల కాదు" అని మొదట్లోనే చెప్పి ఆగిపోయి ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. సగం 64, సగం 32 అన్నట్టు ఉండటమే అన్నిటికంటే చెడ్డ స్థితి. కంటైనర్ పెద్దదే, దాని మీద పనిచేసే కోడ్ చిన్నది.

పైగా ఇబ్బంది హద్దు దగ్గరే మొదలవదు, సగం దూరంలోనే మొదలవుతుంది. జావా స్టాండర్డ్ లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో (వరుసను సగం సగం చేస్తూ వెతికే కోడ్‌లో) ఇలాంటి తప్పు తొమ్మిదేళ్ల పాటు దాగి ఉందని 2006లో జాషువా బ్లాక్ రాశాడు. ఆ కోడ్ రాసింది ఆయనే. మధ్య స్థానం కోసం కింది హద్దునూ పై హద్దునూ కూడి రెండుతో భాగించడం అందరికీ తెలిసిన పద్ధతి. అరేలో 107 కోట్లకు పైగా ఐటమ్స్ ఉంటే ఆ కూడిక ఇంట్‌లో పట్టక మైనస్ అయిపోతుంది. నిండితే రెట్టింపు చేసే లిస్టుల్లోనూ ఇదే కథ. 107 కోట్ల సామర్థ్యాన్ని రెట్టింపు చేయబోతే ఇంట్ దాటిపోతుంది. కాగితం మీద 214 కోట్లు అని రాసి ఉన్నా చేతికి భద్రంగా అందేది అందులో సగమేనని కంటైనర్ వాడేవాళ్లకు ఎవరు చెబుతారు?

ఇక "ఎవరికి అవసరం" అన్న ప్రశ్నకు నాకు తెలిసిన అతి గట్టి జవాబు క్యూమెయిల్ నుంచి వచ్చింది. డేనియల్ జె. బెర్న్‌స్టీన్ రాసిన ఈ మెయిల్ సర్వర్ భద్రతకు పెట్టింది పేరు. అందులో సెక్యూరిటీ లోపం చూపించినవాళ్లకు 500 డాలర్లు ఇస్తానని ఆయన 1997లోనే ప్రకటించాడు. అంత జాగ్రత్తగా రాసిన కోడ్ అది. అందులో స్ట్రింగులు దాచుకోవడానికి ఆయన సొంతంగా రాసుకున్న కంటైనర్ ఉంది, దాని పొడవు అన్‌సైన్డ్ 32-బిట్ అంకె. 2005లో జార్జి గునిన్‌స్కీ అనే భద్రతా పరిశోధకుడు 64-బిట్ యంత్రంలో ఈ అంకె పొంగిపొర్లుతుందని (హద్దు దాటి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని) చూపించాడు. బెర్న్‌స్టీన్ ఒప్పుకోలేదు. క్యూమెయిల్‌లో మెయిల్ అందుకునే ప్రాసెస్‌కు గిగాబైట్ల కొద్దీ మెమరీ ఎవరూ ఇవ్వరు, కాబట్టి పొడవులు 32 బిట్లలో పడతాయనుకోవడంలో సమస్యేమీ లేదన్నది ఆయన వాదన.

పదిహేనేళ్లు గడిచాయి. 2020లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు అదే లోపాన్ని (సెక్యూరిటీ లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2005-1513) వాడి దూరంనుంచే కోడ్ నడిపించవచ్చని నిరూపించారు. మెమరీ పరిమితి పెట్టని ఇంకో ప్రాసెస్ దాకా దాడి చేరగలిగింది. బెర్న్‌స్టీన్ తర్కంలో లోపం లేదు. మెమరీ పరిమితి ఉంటే ఆ అంకె పొంగదు. కానీ ఆ షరతు కంటైనర్‌లో లేదు. సర్వర్‌ను అమర్చే మనిషి చేతిలో, ప్యాకేజీ తయారుచేసే మనిషి చేతిలో ఉంది. కోడ్ రాసినాయన లెక్క వేరు, దాన్ని పదిహేనేళ్ల తర్వాత నడిపినవాళ్ల లెక్క వేరు.

2021 జూలైలో అదే సంస్థ లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో, ఇలాంటిదే ఇంకోటి బయటపెట్టింది, సీవీఈ-2021-33909. కెర్నెల్‌లోని ఒక బఫర్ (తాత్కాలిక మెమరీ) సైజు 64-బిట్ అంకెగా మొదలై, దారిలో ఒక ఫంక్షన్‌కు 32-బిట్ ఇంట్‌గా అందుతుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా పేర్చుకుంటూ పోయి, మొత్తం దారి పొడవు ఒక గిగాబైట్ దాటేలా చేస్తే ఆ ఇంట్ మైనస్ అవుతుంది. అప్పుడు కెర్నెల్ బఫర్‌కు 2 గిగాబైట్ల కిందకు వెళ్లి అక్కడ 10 బైట్లు రాస్తుంది. ఆ పది బైట్లతో ఒక మామూలు యూజర్ రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అయిపోగలిగాడు. ఒక గిగాబైట్ పొడవున్న ఫోల్డర్ దారి ఎవరికి అవసరం? ఎవరికీ కాదు. దాడి చేసేవాడికి తప్ప. మామూలు వాడకాన్ని బట్టి హద్దు నిర్ణయిస్తే, మామూలుగా వాడనివాడు ఆ హద్దు దగ్గరే పని మొదలుపెడతాడు. కంటైనర్‌లోకి ఎంత డేటా వస్తుందన్నది చాలాసార్లు కంటైనర్ రాసినవాళ్ల చేతిలో కాదు, దాన్ని వాడిన ప్రోగ్రామర్ చేతిలో కూడా కాదు, బయటినుంచి డేటా పంపేవాళ్ల చేతిలో ఉంటుంది.

అవతలి పక్షానికీ మంచి వాదనలున్నాయి. వాటిలో నేను ఎక్కువగా గౌరవించేది చిన్న లిస్టుల వాదన. ప్రోగ్రాముల్లో పెద్ద లిస్టులు కొన్నే, చిన్నవి కోట్లలో. సీ++ వెక్టర్ ఖాళీగా ఉన్నా 64-బిట్ యంత్రంలో 24 బైట్లు తీసుకుంటుంది. మామూలుగా లోపల ఉండేవి మూడు పాయింటర్లు. అదే ఒక పాయింటర్, రెండు 32-బిట్ అంకెలు పెడితే 16 బైట్లతో అయిపోతుంది. కోటి లిస్టులుంటే 8 కోట్ల బైట్లు మిగిలాయి. మెమరీ సంగతి అటుంచితే, ప్రాసెసర్ క్యాష్‌లో (దాని చిన్న, వేగమైన మెమరీలో) 64 బైట్ల లైనుకు పదహారు బైట్లవి నాలుగు పడతాయి, ఇరవైనాలుగువి రెండున్నరే. కోడ్‌ను యంత్రభాషకు మార్చే కంపైలర్ లాంటి ప్రోగ్రాముకు ఇది చిన్న విషయం కాదు.

ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలర్ ప్రాజెక్టు సరిగ్గా ఈ కారణంతోనే తన సొంత లిస్టు స్మాల్‌వెక్టర్ పొడవును 32 బిట్లలో ఉంచింది. తర్వాత వాళ్లు చేసిన సవరణ నాకు బాగా నచ్చింది. ఐటమ్ సైజు 4 బైట్ల కంటే తక్కువైతే, అంటే అక్షరాల బఫర్ లాంటిదైతే, 64-బిట్ యంత్రాల్లో పొడవును 64 బిట్లలో పెడతారు. 4 బైట్లూ ఆపైన అయితే 32 బిట్లే ఉంచుతారు. ఎందుకంటే 4 బైట్ల ఐటమ్స్ 429 కోట్లు అంటే 16 గిగాబైట్లు, కంపైలర్‌లో ఒక్క లిస్టు అంత పెరగడం వేరే జబ్బుకు లక్షణం. అన్నిటికంటే ముఖ్యం, హద్దు దాటబోతే స్మాల్‌వెక్టర్ ఊరుకోదు, ఇంత అడిగారు, నా గరిష్ఠం ఇంత అని స్పష్టంగా చెప్పి ప్రోగ్రామును ఆపేస్తుంది. తన డేటా ఎలాంటిదో తెలిసిన ప్రాజెక్టు, తన కోసం, లెక్క వేసుకుని, హద్దు దగ్గర కాపలా పెట్టి తీసుకున్న నిర్ణయం అది. దీనితో నాకు గొడవ లేదు.

గొడవల్లా అందరి కోసం రాసే లైబ్రరీలతోనూ భాషలతోనూ. వాటిని ఎవరు, ఏ డేటాతో, ఎన్నేళ్లు వాడతారో రాసేవాళ్లకు తెలియదు. తెలియనప్పుడు వాడేవాళ్ల తరఫున హద్దు గీసే హక్కు వాళ్లకు లేదన్నదే నా వాదన. చిన్నది కావాలనుకునేవాళ్లకు ఆ వీలు విడిగా ఇవ్వచ్చు. సీ++ భాషకున్న బూస్ట్ కంటైనర్ లైబ్రరీలో వెక్టర్ తన పొడవును లోపల ఏ టైప్‌లో దాచుకోవాలో వాడేవాళ్లే ఎంచుకునే ఆప్షన్ ఉంది. ఇష్టముంటే ఒక్క బైట్‌లో దాచుకోమనచ్చు. ఎంపిక వాడేవాళ్లది, ఆ ఎంపిక కోడ్‌లో అందరికీ కనిపిస్తుంది కూడా.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాల్ని కలిపేయడం నేను తరచు చూస్తుంటాను. కంటైనర్ "నా పొడవు ఇంత" అని చెప్పే అంకె ఒకటి. ఆ కంటైనర్‌లో మనం ఐటమ్స్‌గా దాచుకునే ఇండెక్సులు ఇంకొకటి. మొదటిది లిస్టుకు ఒక్కటే ఉంటుంది. రెండోవి కోట్లలో ఉంటాయి. జీనోమ్‌లో వెతకడానికి సఫిక్స్ అరే అనే ఇండెక్సుల వరుస కడితే, ఒక్కో అక్షరానికి ఒక్కో ఇండెక్స్ కావాలి. 310 కోట్ల ఇండెక్సులు 4 బైట్ల చొప్పున 12.4 గిగాబైట్లు, 8 బైట్ల చొప్పున 24.8 గిగాబైట్లు. తేడా ఒక కంప్యూటర్‌లో పని జరుగుతుందా లేదా అన్నంత పెద్దది. ఇక్కడ 32 బిట్లు వాడటమే తెలివైన పని. జీనోమ్ ముక్కల్ని సరిపోల్చే బౌటై 2 ప్రోగ్రాము అదే చేస్తుంది. సుమారు 400 కోట్ల అక్షరాల లోపు జీనోమ్‌కు 32-బిట్ అంకెలతో చిన్న ఇండెక్స్ కడుతుంది, అంతకు మించితే 64-బిట్ అంకెలతో పెద్ద ఇండెక్స్ కడుతుంది. ఏ ఫైల్ ఏ రకమో పేరులోనే తెలుస్తుంది. డేటాలో పొదుపు చేయండి, ఎంతైనా చేయండి. లిస్టుకు ఒక్కటే ఉండే పొడవు అంకెలో పొదుపు చేసి మిగుల్చుకునేది చాలాచోట్ల ఏమీ ఉండదు.

పొడవు అంకె బయటికి కనిపించేది కావడం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. ఒకసారి ఇంట్ అని చెప్పాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ఈ విషయంలో వివిధ భాషల అనుభవాలు చూస్తే నాకు బాధే కలుగుతుంది, ఎందుకంటే ప్రతిచోటా ఎవరో ఒకరు ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది. సీ++ భాషలోని క్యూట్ లైబ్రరీ 5వ వెర్షన్ అంతటా కంటైనర్ల పొడవు ఇంట్‌గానే ఉంది. ఒక పెద్ద వెర్షన్ నడుస్తుండగా బైనరీ అనుకూలత (పాత ప్రోగ్రాములు మళ్లీ కంపైల్ చేయకుండానే నడవడం) చెడగొట్టబోమని వాళ్లు మాటిచ్చారు కాబట్టి, 2020 డిసెంబరులో 6.0 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. గో భాష 2013లో 1.1 వెర్షన్‌తో 64-బిట్ యంత్రాల్లో ఇంట్‌ను 64 బిట్లు చేసింది. అప్పటికి భాష చిన్న వయసులో ఉంది కాబట్టి సరిపోయింది. ఆర్ భాష అదే ఏడాది 3.0.0తో పొడవైన వెక్టర్లు తెచ్చింది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 2012లో 4.5 వెర్షన్‌తో 2 గిగాబైట్లు దాటిన అరేలకు ఒక కాన్ఫిగరేషన్ స్విచ్ ఇచ్చింది, ఐటమ్స్ సంఖ్య మాత్రం 32 బిట్లలోనే ఉండిపోయింది.

అన్నిటికంటే పెద్ద పాఠం పైథాన్‌ది. లోపలి ఇండెక్సుల్ని యంత్రం వెడల్పుకు మార్చాలన్న ప్రతిపాదన పెప్ 353, 2006లో 2.5 వెర్షన్‌తో అమల్లోకి వచ్చింది. కానీ సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లు అప్పటికే చాలా ఉన్నాయి, అవి ఇంట్ పొడవులనే ఆశిస్తున్నాయి. అందుకని "నా కోడ్ కొత్త పద్ధతికి సిద్ధం" అని చెప్పుకునే ఒక మాక్రో పెట్టారు. ఆ మాక్రో లేకుండా పొడవులు తీసుకునే పాత దారిని పూర్తిగా మూసేసింది 2021లో, 3.10 వెర్షన్‌లో. ఒక అంకె వెడల్పు మార్చడానికి పదిహేనేళ్లు. సైంటిఫిక్ కంప్యూటింగ్‌లో ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి అందరూ వాడే ఎంపీఐ ప్రమాణానికైతే 2021లో 4.0 వెర్షన్ దాకా పట్టింది. పాత ఫంక్షన్లను తాకకుండా, పెద్ద సంఖ్యలు తీసుకునే జంట ఫంక్షన్లను వేరే పేర్లతో పక్కన చేర్చారు.

జావాకు ఆ దారి కూడా పూర్తిగా లేదు. కలెక్షన్‌లో ఇంట్ గరిష్ఠం కంటే ఎక్కువ ఐటమ్స్ ఉంటే, పొడవు అడిగినప్పుడు ఆ గరిష్ఠాన్నే తిరిగి ఇవ్వాలని అక్కడి ఒప్పందంలోనే రాసి ఉంది. అంటే నిజం కాని అంకె చెప్పడం నియమమైంది. జావా 8లో కంకరెంట్ హ్యాష్‌మ్యాప్‌కు పొడవును లాంగ్‌గా చెప్పే ఇంకో మెథడ్ చేర్చి, దాన్నే వాడమని సలహా ఇచ్చారు. ఫైల్‌ను నేరుగా మెమరీలా చూసే మ్యాప్డ్ బఫర్ కూడా 2 గిగాబైట్లకే పరిమితం. ఇక్కడ ర్యామ్ ఎంతుందన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే ఫైల్‌ను ర్యామ్‌లోకి మొత్తం ఎక్కించనక్కర్లేదు. అయినా పెద్ద ఫైల్ కావాలంటే ముక్కలుగా కోసి, ఒక బఫర్ల వరుస పెట్టుకుని, ఒక అంకె రెండు ముక్కల మధ్య చీలితే ఏం చేయాలో కూడా మనమే రాసుకోవాలి. లాంగ్ ఇండెక్స్‌తో పనిచేసే మెమరీ సెగ్మెంట్ 2024 మార్చిలో జావా 22తో గానీ స్థిరపడలేదు. అంతవరకూ ఎన్ని ప్రాజెక్టుల్లో ఎంతమంది అదే ముక్కల కోడ్ మళ్లీ మళ్లీ రాసి ఉంటారో ఆలోచించండి. కంటైనర్ రాసేటప్పుడు దాటేసిన పని మాయమవదు, వాడేవాళ్లందరి మీదా పడుతుంది.

"ఒక్క లిస్టులో అంత డేటా పెట్టడమే డిజైన్ లోపం, విడగొట్టుకోవాలి" అనేవాళ్లున్నారు. ఈ మాటలో సగం ఒప్పుకుంటాను. 16 గిగాబైట్ల వెక్టర్ నిండి, రెట్టింపు కావాలంటే కొత్తగా 32 గిగాబైట్లు తీసుకోవాలి, కాపీ అయ్యేదాకా పాతదీ ఉండాలి. ఒక్కసారిగా 48 గిగాబైట్లు. కోట్ల ఐటమ్స్ ఉన్న హ్యాష్ టేబుల్ పెరిగేటప్పుడు ప్రోగ్రాము అక్కడే నిలబడిపోతుంది. 4 కిలోబైట్ల పేజీలతో 16 గిగాబైట్లంటే దాదాపు 42 లక్షల పేజీలు, వాటి అడ్రసుల కోసం ప్రాసెసర్ వెతుకులాట వేరే ఖర్చు. 2 మెగాబైట్ల పేజీలు పెట్టుకుంటే 8,192తో సరిపోతుంది, కానీ అది కూడా ఎవరో ఒకరు ఆలోచించి చేయాల్సిందే. కాబట్టి ప్రతి కంటైనరూ ఆ స్థాయిలో వేగంగా పనిచేయాలని నేను అడగను. అది వేరే కంటైనర్ల పని.

నేను అడిగేది రెండే. ఎంత పెద్దదైనా లెక్క తప్పకూడదు. చేయలేనప్పుడు చేయలేనని గట్టిగా చెప్పి ఆగాలి. నెమ్మదిగా నడిచే ప్రోగ్రామును కొలిచి, కారణం కనిపెట్టి, అప్పుడు విడగొట్టుకోవచ్చు. తప్పు అంకెలిచ్చే ప్రోగ్రాము ఆ అవకాశమే ఇవ్వదు. ఎలా విడగొట్టాలన్నది కూడా డేటా తెలిసినవాళ్లు నిర్ణయించాలి, ఇంట్ వెడల్పు కాదు.

సైన్డా అన్‌సైన్డా అనే పాత తగువులోకి ఎక్కువ వెళ్లను. అన్‌సైన్డ్‌లో ఖాళీ వెక్టర్ పొడవులోంచి ఒకటి తీసేస్తే 1,84,467 కోట్ల కోట్లు రావడం ఎవరికీ మేలు చేయలేదు కాబట్టి నా ఓటు సైన్డ్ 64-బిట్‌కే. ఒక బిట్ పోతుందన్న భయం అక్కర్లేదు. ఇప్పటి చాలా ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) యంత్రాల్లో ఒక ప్రోగ్రాము చూడగలిగే అడ్రసులు 47 బిట్లలో పట్టేస్తాయి. రస్ట్ భాష కూడా అన్‌సైన్డ్ టైప్ వాడుతూనే ఏ వెక్టర్ అయినా సైన్డ్ గరిష్ఠం కంటే ఎక్కువ బైట్లు తీసుకోకుండా కట్టడి చేస్తుంది.

మిగిలింది పరీక్షల సంగతి. 64 బిట్లకు మార్చాక అది నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా చూడాలి, ప్రతి మార్పుకూ 20 గిగాబైట్ల లిస్టు కట్టి టెస్టు నడపలేం కదా అని లైబ్రరీలు నడిపేవాళ్లు అడుగుతారు. సరైన ప్రశ్న. దీనికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి కొలతను తలకిందులు చేయడం. పొడవు టైప్‌ను కోడ్‌లో నేరుగా రాయకుండా టెంప్లేట్ పరామితిగా (వాడేటప్పుడు ఎంచుకునేలా) పెట్టండి. అసలు వాడకంలో అది 64 బిట్లు. టెస్టుల్లో మాత్రం 8 బిట్లు ఇవ్వండి. అప్పుడు హద్దు 255 దగ్గర ఉంటుంది, రెట్టింపు లెక్క 128 దగ్గరే పొంగుతుంది, ప్రతి దారినీ అరక్షణంలో పరీక్షించవచ్చు. చేర్చడం, మధ్యలో చొప్పించడం, రెండు లిస్టులు కలపడం, సామర్థ్యం ముందే అడగడం, వీటన్నిటిలో హద్దుకు ఒకటి ముందు, సరిగ్గా హద్దు దగ్గర, ఒకటి దాటాక ఏం జరుగుతుందో చూడాలి. సీ, సీ++ల్లో 8-బిట్ అంకెల మధ్య లెక్కలు తమంతట తామే ఇంట్‌లోకి మారి జరుగుతాయి కాబట్టి, మధ్య లెక్కల్లో పొంగేవి ఈ టెస్టుకు చిక్కకపోవచ్చు. వాటి కోసం వెడల్పు తగ్గించే మార్పులపై కంపైలర్ ఇచ్చే హెచ్చరికల్ని ఎర్రర్లుగా మార్చుకోండి. నా చిత్రాల లైబ్రరీలో ఉన్నలాంటి 32-బిట్ గుణకారానికి ఆ హెచ్చరిక కూడా రాకపోవచ్చు, అక్కడ వెడల్పు తగ్గడం లేదు, మొదటినుంచీ తక్కువే. అలాంటివాటికి నిజంగా పెద్ద డేటాతో ఒక్క టెస్టు, విడుదలకు ముందు మాత్రమే నడిపేది, ఉండి తీరాలి. వర్చువల్ మెమరీ ఉన్న యంత్రంలో అంత చోటు అడిగి, మొదటి పేజీ, హద్దుకు ఇటూ అటూ ఉన్న పేజీలు, చివరి పేజీ మాత్రమే తాకితే అసలు ర్యామ్ కొన్ని కిలోబైట్లకు మించి ఖర్చవదు.